కోటవీధి నుంచి కాఫీ తోటల దాకా

విశాఖపట్నం చూసివచ్చామని చెప్పేవారిలో చాలామంది వన్ టౌన్ చూసి ఉండరు. రామకృష్ణా బీచిలో కాళ్ళు తడుపుకుని, సింహాచలం వెళ్ళి అప్పన్నకు దండం పెట్టుకుని, కైలాసగిరి మీద ఫొటో తీయించుకుని రైలెక్కేస్తారు. వారిని తప్పుపట్టను. వన్ టౌన్‌లో చూడవలసిందేమిటని ఎవరైనా అడిగితే ఇక్కడే పుట్టి పెరిగిన మేము కూడా కాస్త తడుముకుంటాము. 1933లో హార్బరు తెరిచేనాటికి పట్నమంటే ఇదే. ఓడలు లోపలికి వచ్చే కాలవ ఒడ్డున మూడు గుట్టలు: ఒకదానిమీద వేంకటేశ్వరస్వామి, ఒకదానిమీద దర్గా, ఒకదానిమీద మేరీమాత గుడి. ఎదురుగా డాల్ఫిన్ కొండ. గుట్టల ఇవతల కురుపాం మార్కెట్టు, పాత పోస్టాఫీసు, క్వీన్ మేరీ బడి, కోటవీధి. తక్కినదంతా సందులు.

ఈ సందుల సంగతి కొంచెం చెప్పాలి. మా సందులో ఎదురుగా ఉల్లిపాయల బండి వచ్చిందంటే ఇద్దరిలో ఒకరు వెనక్కి నడవవలసిందే. మలుపు తిరిగితే అరుగు, అరుగు దాటితే కొళాయి, కొళాయి దగ్గర బిందెలు, బిందెల మధ్య ఒక మేక. ఇవన్నీ తప్పించుకుంటూ రెండో గేరు దాటకుండా, కాలు కింద పెట్టకుండా మోటారు సైకిలు నడపడం మావాళ్ళకు చిన్నప్పటి నుంచీ వచ్చిన విద్య. “కోటవీధిలో నడిపినవాడికి అడవిదారి ఒక లెక్కా బావగారూ?” అని మా బావమరిది తరచు అంటూ ఉండేవాడు. ఆ మాటలో ఎంత నిజముందో తేల్చుకోవలసిన అవసరం కిందటి మార్గశిరంలో వచ్చింది.

మా ఇంటి నడవలో రెండు మోటారు సైకిళ్ళు ఉన్నాయి. ఒకటి మా నాన్నగారి యెజ్డీ, 1979లో కొన్నది. పోర్టు ఉద్యోగానికి ఆయన దానిమీదే వెళ్ళేవారు; అమ్మను వెనక కూర్చోబెట్టుకుని సింహాచలం చందనోత్సవానికి కూడా దానిమీదే తీసుకువెళ్ళేవారు. రెండోది మా బావమరిది యమహా ఆర్.ఎక్స్. 100. అతనికి పోర్టులో పని దొరికినప్పటినుంచీ మా ఇంట్లోనే ఉంటున్నాడు, అతనితోబాటు ఆ బండీ. అయితే అమ్మకు మోకాళ్ళు బొత్తిగా సహకరించడం లేదు. మేడమెట్లు ఎక్కలేదు. నడవలో సగం గోడ కట్టి ఆమెకు గది చేయాలని నిశ్చయించాము. మిగిలే జాగాలో ఒక్క బండే పడుతుంది. అమ్మను అడిగితే, “ఏదో ఒకటి ఉంచండి. పొగ తక్కువది ఉంచండి, చాలు,” అంది. రెండూ పొగ బండ్లే! నా ఓటు ఒకదానికి, అతని ఓటు రెండోదానికి. మా ఆవిడ ఎవరి పక్షాన మాట్లాడినా తప్పే కనుక వంటింట్లోంచి బయటికి రాలేదు.

మేమిద్దరం ఏడాదికి రెండుసార్లయినా అనంతగిరి కొండల్లోకి పోతూ ఉంటాము. అక్కడ గూడేలకు పోయే కాలిబాటల్లో బండి నడపడం మాకు సరదా. “అయితే అక్కడే తేల్చుకుందాం,” అన్నాడు బావమరిది. “అడవిదారిలో ఏది బాగా నడిస్తే అది ఉంటుంది.” సరేనన్నాను. నా బండి మీద నాకు అంత నమ్మకం.

రెండింటికీ ఉన్న చుట్టరికం ఒక్కటే, రెండూ టూ స్ట్రోకు బండ్లు. ఇప్పుడు రోడ్డు మీద కనిపించే మోటారు సైకిళ్ళలో క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఒకసారి పెట్రోలు మండుతుంది. టూ స్ట్రోకులో ప్రతి చుట్టుకీ మండుతుంది. పైన వాల్వులు లేవు, వాటిని ఆడించే సరంజామా లేదు. అందుచేత బరువు తక్కువ, బలం ఎక్కువ, రిపేరు సులువు. కాని పెట్రోలుతోబాటు ఆయిలూ మండాలి. అందులోంచే ఆ నీలిపొగ, ఆ వాసన. పొగమీద ఆంక్షలు బిగుసుకున్నకొద్దీ ఈ జాతి అంతరించింది. మైసూరులో యెజ్డీలు చేసిన ఐడియల్ జావా కంపెనీ 1996లో మూతపడింది. 1985లో వచ్చిన ఆర్.ఎక్స్. 100 కూడా ఆ 1996లోనే ఆగిపోయింది. దాని తమ్ముడు ఆర్.ఎక్స్. 135 మాత్రం 2005 దాకా లాక్కువచ్చింది. యెజ్డీ పేరు 2022లో తిరిగి వచ్చింది గాని, ఆ కొత్త బండ్లు ఫోర్ స్ట్రోకువి.

విచిత్రమేమిటంటే, రోడ్డు మీద చచ్చిపోయిన టూ స్ట్రోకు ప్రపంచంలో అడవిదారుల్లో మాత్రం బతికే ఉంది. చెట్ల మధ్య ఇరుకుదారుల్లో నడిపేందుకు విదేశాల్లో ఈనాటికీ కొత్తవి చేస్తున్నారు. ఆస్ట్రియా కంపెనీ కె.టి.ఎం. 2017లో వీటికి ఫ్యూయెల్ ఇంజెక్షను కూడా పెట్టింది. వారి 300 సీసీ బండి బరువు వంద కిలోల పైన కొద్దిగా, అంటే ఇంచుమించు మా బావమరిది బండి బరువే. బలం మాత్రం దానికి నాలుగైదు రెట్లు. ఆ దేశంలోనే ఎర్జ్‌బెర్గ్ అనే ఇనుప గని కొండమీద 1995లో మొదలైన పందెంలో ఈ టూ స్ట్రోకులు ఎన్నోసార్లు గెలిచాయి. అవి మన చేతికందే సరుకు కాదు. మన నడవలో ఉన్నవాటితోనే మన పందెం.

బయలుదేరే ముందు మా మేస్త్రీకి రెండు బండ్లూ చూపించాము. పూర్ణా మార్కెట్టు వెనక రేకుల షెడ్డులో కూర్చునే ఈ వృద్ధుడికి రెండింటిలో దేనిమీదా గౌరవం లేదు. ఆయన రాజ్‌దూత్ పక్షం. “పోలండోడి నమూనా బాబూ. పాలక్యానులు నాలుగేసి గెంతించినా ఏటీ అవదు,” అని, యెజ్డీ ప్లగ్గు విప్పి గీకి, నావైపు ఒకసారి చూసి, “దిగుడులో జాగర్త,” అన్నాడు. ఆ మాట నేను అప్పుడు సరిగా పట్టించుకోలేదు.

తెల్లవారుజామున ఐదు గంటలకు పాత పోస్టాఫీసు దగ్గర టీ తాగి బయలుదేరాము. కాన్వెంటు జంక్షను, ఎన్.ఏ.డి. కొత్తరోడ్డు, గోపాలపట్నం, పెందుర్తి, కొత్తవలస. లారీల రోడ్డు గురించి రాసేదేమీ లేదు. శృంగవరపుకోటలో ఇడ్లీలు తిని బౌడార దగ్గర ఘాటు ఎక్కేసరికి ఎండ వచ్చింది. పక్క కొండల్లో అరకు రైలు దారి సొరంగాల్లో దూరుతూ తేలుతూ కనిపిస్తుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ హార్బరుకు చేర్చి జపాను పంపడానికి 1960ల్లో వేసిన దారి అది. ఖనిజం గూడ్సుబండి ఒకటి కిందికి దిగుతూ ఉంటే, అది మా ఊరికే పోతోందని ఊరికే ఒక చెయ్యి ఊపాను.

ఘాటు మీద రోడ్డు బాగుంది. అక్కడ యెజ్డీకి సాటి లేదు. ఒక లయలో, తొందర లేకుండా, పెద్దాయన తాంబూలం వేసుకుని నడుస్తున్నట్టు పోతుంది. ఆర్.ఎక్స్. కందిరీగలా నాలుగుసార్లు నన్ను దాటి, నాలుగుసార్లు ఫొటోల కోసం ఆగింది. టైడా దాటి అనంతగిరి చేరేసరికి చలి ఎముకలకు తగిలింది. వలిసె పూలు పొలాలకు పొలాలు పసుపు పూసినట్టున్నాయి. కాఫీ గింజలు ఎర్రగా పండి, ఆడవాళ్ళు బుట్టలు కట్టుకుని కోస్తున్నారు. ఆ కాఫీకి నీడనిచ్చేవి సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్నవి మిరియాల తీగలు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను ఈ చెట్లను పుల్లల్లా విరిచేసింది. ఇప్పుడున్నవాటిలో లేతవి చాలా ఆ తరువాత నాటినవే.

రిజర్వు ఫారెస్టులోకి బండ్లు తీసుకుపోకూడదు. పోము కూడా. రోడ్డు నుంచి ఒక గూడేనికి పోయే బాట మాకు తెలుసు. ఊళ్ళోవాళ్ళు సంతకు నడిచేది, అప్పుడప్పుడు సరుకుల మోటారు సైకిలు పోయేది. మొదట ఒక కిలోమీటరు పైకి ఎక్కి కొండ భుజం దాటుతుంది, అక్కణ్ణించి వాగు దాకా దిగుడు. వెడల్పు మనిషీ మేకా పక్కపక్కన నడిచేటంత. ఎడమవైపు గట్టు, కుడివైపు కాఫీ మొక్కల వాలు. మధ్యలో వేళ్ళు, మంచుకు తడిసిన ఎర్రమట్టి.

ఎక్కుడులో గెలుపు నాదే. ఎందుకో చెబుతాను. యెజ్డీ పిస్టను అడ్డం 65 మిల్లీమీటర్లు, అది పైకీ కిందికీ నడిచే దూరం 75. ఆర్.ఎక్స్.కు రెండూ 50. పొడుగు రోకలితో నిదానంగా దంచడానికీ, చిన్న రోలులో గబగబా పొడవడానికీ ఎంత తేడా ఉందో అంత తేడా. యెజ్డీ ఫ్లైవీలు బరువైనది; ఇంజను దాదాపు ఆగిపోయే వేగంలో కూడా “డుబ్... డుబ్...” మంటూ వేరు మీదికి ఎక్కి అవతలికి దిగుతుంది. చక్రం జారదు. ఆర్.ఎక్స్. సంగతి వేరు. కార్బొరేటరుకూ ఇంజనుకూ మధ్య దానికి రీడ్ వాల్వు ఉంది. పల్చటి రేకు తలుపులు అవి. లోపలికి పోయిన పెట్రోలు గాలి వెనక్కి తన్నకుండా మూసుకుంటాయి. అందువల్లనే అంత చిన్న ఇంజను 11 హార్స్‌పవరు ఇస్తుంది, యెజ్డీ 13కు కాస్త తక్కువ, అంతే. కాని ఆ బలం సగం చుట్లు దాటాక ఒక్కసారిగా వస్తుంది. మొదట ఏమీ లేదు, తరువాత అంతా ఉంది! తడిమట్టిలో వెనకచక్రం గిర్రున తిరిగి బురద నా మొహాన కొట్టింది. బావమరిది సగం దూరం కాళ్ళతో నెట్టుకుంటూ ఎక్కాడు. నేను మీసం మీద చెయ్యి వేసుకున్నాను, మీసం లేకపోయినా.

మలుపుల దగ్గర ఆ ధీమా తగ్గింది. యెజ్డీ నూటనలభై కిలోల మనిషి. చెట్టు చుట్టూ తిరగాలంటే ముందు దానికి నచ్చచెప్పాలి. ఒక మలుపులో ఇంజను ఆగింది. యెజ్డీ సంగతి తెలిసినవారికి నా అవస్థ అర్థమవుతుంది: దానికి కిక్కు రాడ్డూ గేరు రాడ్డూ ఒకటే, అదీ ఎడమవైపు. వెనక్కి తిప్పితే కిక్కు, ముందుకు తిప్పితే గేరు. తెలివైన ఏర్పాటే. పైగా గేరు నొక్కినప్పుడు క్లచ్చి దానంతట అదే విడిపోతుంది. కాని ఎడమవైపు గట్టు ఉన్న బాటలో కాలు చాపడానికి చోటేది? వెనక్కి దొర్లించుకుంటూ, బ్రేకు పట్టుకుంటూ, చోటు దొరికినచోట కిక్కు కొట్టుకున్నాను. ఆర్.ఎక్స్. కిక్కు కుడివైపు. బావమరిది పైనుంచి చూస్తున్నాడు గాని ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధ. రెండు సైలెన్సర్లు రెండు పక్కలా కిందుగా ఉండడం కూడా రోడ్డు మీద అందమే, రాళ్ళ మధ్య మాత్రం ప్రతి రాయికీ ఒక పలకరింపు.

కొండ భుజం దాటి దిగుడు మొదలైంది. మేస్త్రీ చెప్పిన మాట ఇక్కడ జ్ఞాపకం రావలసింది, రాలేదు. టూ స్ట్రోకు బండి దిగుడులో ఇంజను పట్టు ఇవ్వదు. ఫోర్ స్ట్రోకు అయితే ఏక్సిలేటరు వదిలితే ఇంజనే వెనక్కి లాగుతుంది. ఇది వదిలేసిన ఎద్దుబండిలా దొర్లుకుపోతుంది. అంతా బ్రేకు మీదే. రెండో చిక్కు యెజ్డీకి ప్రత్యేకం. ఆర్.ఎక్స్.కు ఆయిలు టాంకు వేరు, ఇంజను తిరిగినంతసేపూ పంపు దానికి ఆయిలు కొంత అందిస్తుంది. నా యెజ్డీకి పెట్రోల్లోనే ఆయిలు కలపాలి. మేము లీటరుకు 40 మిల్లీ కలుపుతాము. ఏక్సిలేటరు మూసి, గేరులో దిగుతూ ఉంటే ఇంజను గిరగిర తిరుగుతుంది, కాని పెట్రోలు పోదు. పెట్రోలు పోకపోతే ఆయిలూ పోదు. మధ్యమధ్య క్లచ్చి పట్టి ఒకసారి ఏక్సిలేటరు తిప్పి దానికి నాలుగు చుక్కలు పోయాలి. నాన్నగారు సింహాచలం కొండ దిగుతూ ఎప్పుడూ చేసే పని. నేను వాగు చప్పుడు వింటూ, ఎదురుగా పల్చటి మంచు చూస్తూ ఆ పని మరిచాను.

సగం దిగుడులో వెనకచక్రం కీచుమని బిగుసుకుంది. క్లచ్చి పట్టాను గనుక పడలేదు. పిస్టను పట్టేసింది. బాటకు అడ్డంగా, గట్టుకు ఆనుకుని, బండీ నేనూ నిలబడిపోయాము.

సరిగ్గా అప్పుడే కిందనుంచి మనుషుల మాటలు. మొదట బావమరిది పైకి నడిచివచ్చాడు, బండి లేకుండా. “బావగారూ, బాట తియ్యాలి. డోలీ వస్తోంది,” అన్నాడు. వెనకే నలుగురు. పొడుగు కర్రకు దుప్పటి ఉయ్యాలలా కట్టి, అందులో ఒక ముసలమ్మను మోసుకువస్తున్నారు. జారిపడి తుంటి దగ్గర దెబ్బ తగిలిందట, రాత్రినుంచీ కాలు కదపలేకుండా ఉంది. రోడ్డు దాకా మోసుకుపోతే అక్కడికి ఆంబులెన్సు వస్తుంది. గూడెంలో ఫోనుకు సిగ్నలు లేదు. కొండ భుజం మీద దొరుకుతుంది.

బావమరిది తన బండి ఎక్కడ పెట్టాడో తరువాత చూశాను. వెనకచక్రం ఒక్కడే ఎత్తి పక్కకు గెంటి, కాఫీ మొక్కల మధ్య నిలబెట్టేశాడు, డోలీ దాటడానికి ఒక్క నిముషం పట్టలేదు. నా బండి దగ్గర మాత్రం డోలీ ఆగింది. పైకి నెట్టడానికి ఎక్కుడు, కింద వాలు, ఎడమ గట్టు. బావమరిదీ నేనూ పట్టుకుంటే ముందుచక్రం కదిలింది, వెనకది కదలలేదు. మోసేవారిలో ఒకడు భుజం మార్చుకుని, పక్కవాడికి కర్ర అప్పగించి మాతో చెయ్యి వేశాడు. మిగిలిన ముగ్గురూ బరువు దింపకుండా నిలబడే ఉన్నారు. దింపితే ఆమెకు నొప్పి. ఒక్క కేక కూడా వెయ్యలేదు వాళ్ళు, తొందరపెట్టలేదు. ముసలమ్మ మూలిగింది, అంతే. ఆ మూలుగు వింటూ నాన్నగారి బండిని వాలులోకి పక్కవాటుగా పడేశాము. టాంకు మీద సొట్ట పడింది. డోలీ దాటిపోయింది.

బావమరిది కిందికి పరుగెత్తి ఆర్.ఎక్స్. తెచ్చాడు. మా పక్కనుంచి ఎక్కి, డోలీని దాటే చోట దిగి నెట్టి, మోసేవారిలో కుర్రవాణ్ణి వెనక ఎక్కించుకుని కొండ భుజం మీదికి పోయాడు, 108కి ఫోను చెయ్యడానికి. పొద్దున జారిన ఆ వెనకచక్రమే ఇద్దరి బరువు పడేసరికి మట్టిని కరుచుకుని ఎక్కింది. రెండు చక్రాలకు తప్ప తోవ లేని ఊళ్ళ కోసమే 2018లో ఏజెన్సీలో మోటారు సైకిలు ఆంబులెన్సులు పెట్టారు. వాటిని పత్రికల్లో చూసినప్పుడు నాకు వింతగా ఉండేది. ఆ బాటమీద నిలబడ్డాక వింత లేదు.

నేను వాలులో బండి పక్కన కూర్చున్నాను. ఇంజను చల్లబడడానికి అరగంట పైగా పట్టింది. ప్లగ్గు విప్పి నాలుగు చుక్కల ఆయిలు పోసి, కిక్కు మెల్లగా ఆడిస్తే పిస్టను విడింది. పాత బండ్లలోని మంచితనం అదే, అలుగుతాయి గాని పగబట్టవు. కాఫీ కోసే ఆడవాళ్ళు ఇద్దరు వచ్చి బండి పైకి లాగడంలో సాయం చేసి, నా చేతులకున్న మసి చూసి నవ్వుకుంటూ పోయారు. వాగు చూడకుండానే వెనక్కి తిరిగాను. ఎక్కుడులో యెజ్డీ మళ్ళీ ఏమీ జరగనట్టు “డుబ్ డుబ్” మని ఎక్కింది. రోడ్డు మీదికి వచ్చేసరికి ఆంబులెన్సు వచ్చి వెళ్ళిపోయింది. శృంగవరపుకోట తీసుకువెళ్ళారని, ఎముక విరగలేదని, బెణికిందని ఆ సాయంత్రం కుర్రవాడు ఫోనులో చెప్పాడు.

తిరుగు ప్రయాణంలో కోటలో టీ తాగుతున్నప్పుడు బావమరిది, “ఎక్కుడులో మీదే గెలుపు బావగారూ,” అన్నాడు. మంచివాడు. నేను తల అడ్డంగా ఊపాను. బలం మెత్తగా రావడం మంచిదే, ఇంజను ఆగకపోవడం మంచిదే. కాని ఇరుకుదారిలో బండి పడుతుంది, ఆగుతుంది, అడ్డం వస్తుంది. అప్పుడు ఒక్కడు ఎత్తి పక్కన పెట్టగలిగినదే ఆ దారికి తగిన బండి. ఆ లెక్కన మా సందుకైనా, అనంతగిరి బాటకైనా ఆర్.ఎక్స్.కే నా ఓటు. విదేశాల్లో వేలకు వేలు డాలర్లు పోసి బరువు తగ్గించుకుంటున్నది ఎందుకో కూడా నాకు ఆ రోజే తెలిసింది.

గది గోడ లేచింది. అమ్మ మంచం అందులోకి మారింది. మంచం తలవైపు కిటికీ నడవలోకే తెరుచుకుంటుంది, ఆర్.ఎక్స్. పొగ లోపలికి రాకుండా బావమరిది దాన్ని వీధిలోకి నెట్టుకుపోయి స్టార్టు చేస్తున్నాడు. యెజ్డీ ప్రస్తుతం మేస్త్రీ షెడ్డులో ఉంది. పిస్టను రింగులు మార్చాడు. టాంకు సొట్ట తీయనా అని అడిగితే వద్దన్నాను. అమ్మ మొన్న, “ఆ బండి గొంతు వినబడటం లేదేమిరా?” అంది. రిపేరులో ఉందని చెప్పాను. అనకాపల్లి నుంచి ఒకాయన వచ్చే ఆదివారం చూడడానికి వస్తానన్నాడు, బేరం మాట ఇంకా ఎత్తలేదు. టాంకులో మాత్రం నాలుగు లీటర్లు పోయించి ఉంచాను, ఆయిలు కలిపి.